డిక్రీ కాపీ చేతికిచ్చి పంపండి

విశాఖపట్నం జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఛైర్మన్ గారికి, కార్యదర్శి గారికి, ప్యానెల్ న్యాయవాదులకు, పారా లీగల్ వాలంటీర్లకు,

నమస్కారం.

నేను జిల్లా కోర్టు దగ్గర జాబ్ టైపిస్టుని. జగదాంబ జంక్షన్‌లో బస్సు దిగి నడిచొచ్చే దూరంలో మా షాపు. 2006 నుంచి ఇదే పని. పిటిషన్లు, కౌంటర్లు, అఫిడవిట్లు టైపు చేస్తాను. మొగుడూ పెళ్లాల కేసులు ఎక్కువగా నా టేబుల్ మీదకే వస్తాయి. నేను కూడా ఆ దారిన నడిచినదాన్నే అని మా లాయరుగార్లకు తెలుసు కాబట్టి కాబోలు.

ఇది ఫిర్యాదు కాదు. మిమ్మల్ని ఒక్క పని అడగడానికి రాస్తున్నాను, అదేమిటో ముందే చెప్పేస్తాను. విడాకులు మంజూరైనవాళ్లకు డిక్రీ కాపీ, అంటే విడాకులిచ్చినట్టు కోర్టు రాసిచ్చే ఉత్తర్వు నకలు, వాళ్లు అడక్కుండానే చేతికందేలా చూడండి, దాంతోపాటు తెలుగులో రాసిన ఒక పేజీ కాగితం కూడా ఇప్పించండి. ఈ రెండు కాగితాలు లేక జనం ఎంతెంత దూరం తిరుగుతున్నారో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది. ఓపిగ్గా చదవండి.

మొన్న ఒక సోమవారం నేను షట్టరు ఎత్తేసరికే గోపాలపట్నం నుంచి వచ్చిన ఒకావిడ మెట్ల మీద కూర్చుని ఉంది. పదేళ్ల కిందట విడాకులయ్యాయట. ఇప్పుడు మళ్లీ పెళ్లి కుదిరింది, రిజిస్ట్రేషన్‌కి పాత పెళ్లి రద్దయిన కాగితం కావాలన్నారు. "విడాకుల సర్టిఫికెట్ ఎక్కడిస్తారండీ?" అని అడిగింది. అప్పటికే మీసేవకి వెళ్లింది, వార్డు సచివాలయానికి వెళ్లింది, పెళ్లి రిజిస్టరు చేయించుకున్న సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకీ వెళ్లింది. అందరూ లేదనే చెప్పారు. లేని చోట లేదనే కదా చెప్తారు! కానీ ఎక్కడుంటుందో ఒక్కరూ చెప్పలేదు.

ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. పుట్టుకకు రిజిస్టరుంది, చావుకు రిజిస్టరుంది. పెళ్లికీ ఉంది, మన రాష్ట్రంలో 2002లో ప్రత్యేకంగా చట్టం చేసి మరీ పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు. విడాకులకు మాత్రం అలాంటి రిజిస్టరు లేదు. కోర్టు పెళ్లిని రద్దు చేసినా ఆ సంగతి దానంతటది సబ్ రిజిస్ట్రార్ పుస్తకంలోకి వెళ్లదు. ఇరవై ఏళ్ల కిందటి పెళ్లి సర్టిఫికెట్ ఇవాళ మళ్లీ అడిగితే, విడిపోయిన దంపతుల పేర్లతోనే నిక్షేపంగా వస్తుంది. విడాకులు ఉండేది ఒక్కచోటే, కేసు నడిచిన కోర్టులో, ఆ కేసు కాగితాల బండిల్లో. ఆ బండిల్ దొరకాలంటే నంబరు కావాలి. విశాఖ ఫ్యామిలీ కోర్టులో అయితే ఎఫ్.సి.ఓ.పి. అని ఉంటుంది, సీనియర్ సివిల్ జడ్జి కోర్టుల్లో హెచ్.ఎం.ఓ.పి. అంటారు, పాత కేసులకు ఉత్త ఓ.పి. అనే ఉండొచ్చు. అంకె ఒక్కటే గుర్తుంచుకుని ముందు అక్షరాలు మర్చిపోయినవాళ్లు వేరే కోర్టు కౌంటర్ ముందు గంటలకొద్దీ నిలబడ్డం నేను చూశాను.

నా సంగతీ అంతే.

నేను కేసు వేసింది 2002లో. అప్పటికి కంచరపాలెంలో పుట్టింటికి వచ్చేసి ఏడాది దాటింది. ఆ రోజుల్లో భార్య తాను ఉంటున్న ఊళ్లో కేసు వేసుకునే వీలు లేదు. పెళ్లి జరిగిన చోటో, భర్త ఉంటున్న చోటో, ఇద్దరూ చివరిగా కాపురం ఉన్న చోటో వేయాలి. నా విషయంలో ఆ మూడూ పక్క జిల్లాలోనే ఉన్నాయి. వాయిదా ఉన్న రోజు పొద్దున్నే పాసింజరెక్కి వెళ్లడం, "జడ్జిగారు సెలవు" అనిపించుకుని సాయంత్రం తిరిగి రావడం. ఏడాదిన్నర తర్వాత, 2003 డిసెంబరులో, హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ మార్చి, కేసు వేసే భార్య తాను నివసించే చోటే వేసుకోవచ్చన్నారు. నా కేసు అప్పటికి సగంలో ఉంది కాబట్టి అక్కడే సాగింది. 2005లో డిక్రీ వచ్చింది. కాపీ తెచ్చుకుని, ఇక దీని మొహం చూడకూడదని సూట్‌కేసులో అడుగున పెట్టి బీరువా మీదకెక్కించాను.

2014 అక్టోబరు 12 ఆదివారం హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ రోజు సంగతి విశాఖవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మా వంటింటి రేకులూ ముందు గది రేకులూ ఎగిరిపోయాయి. సూట్‌కేసులో నీళ్లు నిండి, మూడో రోజు తెరిచేసరికి లోపలి కాగితాలన్నీ కలిసి అట్టలా అయిపోయాయి. విడదీయబోతే ముద్దగా చేతికొచ్చాయి. కోర్టు రబ్బరు స్టాంపు ఊదారంగు మాత్రం పక్కనున్న నా టెన్త్ సర్టిఫికెట్‌కి అంటుకుని మిగిలింది.

అప్పుడు పట్టించుకోలేదు. నాన్నగారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, 2011లో పోయారు. అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వచ్చేది. 2018లో అమ్మ కూడా పోయాక, విడాకులైన కూతురికి ఆ పెన్షన్ వచ్చే వీలుందని ఒక పెద్దాయన చెబితే అప్లికేషన్ పెట్టాను. ఆ ఆఫీసువాళ్లు డిక్రీ సర్టిఫైడ్ కాపీ, అంటే కోర్టే ముద్ర వేసి ఇచ్చే నకలు, తెమ్మన్నారు, జిరాక్సు పనికిరాదన్నారు. జిరాక్సే ఉంటే ఇంకేం కావాలి నాకు! ఊరందరి కేసు నంబర్లూ టైపు చేసే దాన్ని, నా కేసు నంబరే నాకు గుర్తు లేదు.

నా లాయరుగారు పోయారు. ఆయన జూనియర్ వేరే ఊరు వెళ్లిపోయారు. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో నా పేరు, మా ఆయన పేరు, అన్ని రకాల స్పెల్లింగులతో వెతికాను. అంత పాత కేసు అందులో ఎక్కలేదు. ఆ కోర్టుకి వెళ్తే, ఏ కోర్టో పేరెత్తను, "నంబరు లేకుండా రిజిస్టర్లు తిరగేయాలంటే మా వల్ల అవుతుందామ్మా?" అన్నారు. మనుషులు తక్కువ, అల్మరాలు ఎక్కువ. వాళ్లను తిట్టుకుని లాభం లేదు.

చివరికి నంబరు దొరికింది ఎక్కడో తెలుసా? అమ్మ బిస్కట్ డబ్బాలో. డిక్రీ తర్వాత రెండేళ్ల పాటు మా ఆయన నెలకు ఆరువందలు మనియార్డరు చేసేవారు. కింద కూపన్‌లో సందేశం రాసుకునే చోట ప్రతి నెలా ఆయన దస్తూరీతో "ఓ.పి. నంబరు ఫలానా, ఫలానా నెల మనోవర్తి" అని ఉండేది. నా మీద ప్రేమతో కాదు, రేపు కోర్టులో కట్టలేదంటానేమోనని. అమ్మ ఆ కూపన్లు ఒక్కటీ పారేయకుండా రబ్బరు బ్యాండు వేసి దాచింది. ఆయన జాగ్రత్తే నాకు పనికొచ్చింది.

నంబరు దొరికాక కాపీ అప్లికేషన్ వేశాను. కాపీయింగ్ సెక్షన్ పద్ధతి మీకు తెలుసు, చదివేవాళ్ల కోసం చెప్తున్నాను. అప్లికేషన్ వేయగానే కాపీ ఇచ్చేయరు. బండిల్ వచ్చాక ఎన్ని పేజీలో లెక్కేసి, ఎన్ని రూపాయల స్టాంపులు కావాలో నోటీసు బోర్డులో పెడతారు. దాన్నే "స్టాంపులు కాల్ ఫర్ చేశారు" అంటారు. గడువులోగా కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు. బోర్డు అక్కడ, నేను ఇక్కడ. నా మొదటి అప్లికేషన్ అలాగే పోయింది. రెండోసారి వేసి, అక్కడి టైపిస్టు ఒకమ్మాయిని బతిమాలుకుంటే, బోర్డులో పడగానే ఫోన్ చేసింది. కాపీ వెనక వేసే స్టాంపులో ఐదు తేదీలుంటాయి: అప్లికేషన్ ఎప్పుడు వేశాం, స్టాంపులు ఎప్పుడడిగారు, ఎప్పుడు కట్టాం, కాపీ ఎప్పుడు తయారైంది, ఎప్పుడిచ్చారు. ఆ ఐదు తేదీలకు ముందు నేను తిరిగిన ఐదు నెలలకు అందులో గడి లేదు.

డిక్రీలో ఉత్తర్వు తేదీతోపాటు పిటిషన్ ఎప్పుడు వేశారో కూడా ఉంటుంది. ఆ తేదీకీ విలువుంది. 2017 జూలైలో కేంద్ర పింఛన్ల శాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తల్లిదండ్రులు బతికుండగానే కూతురు విడాకుల కేసు వేసి ఉంటే, డిక్రీ వాళ్లు పోయాక వచ్చినా ఫ్యామిలీ పెన్షన్ అడగొచ్చు. కేసు నడుస్తుండగానే తండ్రినీ తల్లినీ పోగొట్టుకున్న ఒక అమ్మాయికి ఈ సంగతి మా షాపులో మాటల మధ్య తెలిసింది. అదే తెలియకపోతే ఆమె అసలు అడిగేదే కాదు. పాస్‌పోర్టువాళ్లయితే 2016 డిసెంబరులోనే విడాకులైనవాళ్లు భర్త పేరూ రాయక్కర్లేదు, డిక్రీ కూడా పెట్టక్కర్లేదు అన్నారు. అందరూ మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసువాళ్లలా వదిలేయరు. మళ్లీ పెళ్లి చేసుకోవాలన్నా, పెన్షన్ కావాలన్నా డిక్రీ చూపించాల్సిందే.

ఇక రెండో రకం జనం. వీళ్లకు కావలసింది ఎదుటివాళ్ల విడాకుల రికార్డు. రెండో సంబంధం వచ్చిందంటే పిల్ల తండ్రి ఫోన్ పట్టుకుని మా షాపుకి వస్తాడు. "అబ్బాయికి విడాకులైపోయాయట, చూడమ్మా, కోర్టువాళ్ల దాంట్లోనే ఉంది" అంటాడు. ఫోన్‌లో ఈ-కోర్ట్స్ స్క్రీన్‌షాట్. కేసు స్థితి: డిస్పోజ్డ్.

దయచేసి ఈ ఒక్క ముక్క మీ న్యాయ అవగాహన సదస్సుల్లో మైకులో చెప్పించండి. డిస్పోజ్డ్ అంటే విడాకులు వచ్చాయని కాదు. ఆ కోర్టులో ఆ ఫైలు మూసేశారని మాత్రమే. పిటిషన్ వేసినవాళ్లు వాయిదాలకు రాకపోతే కొట్టేస్తారు, అదీ డిస్పోజ్డే. రాజీపడి వెనక్కి తీసుకుంటారు, అదీ డిస్పోజ్డే. వేరే కోర్టుకి బదిలీ అయినా ఇక్కడి లెక్కలో ముగిసినట్టే కనపడొచ్చు. విడాకులు ఇచ్చారా లేదా అన్నది ఆ కేసులో చివరి ఉత్తర్వు చూస్తేనే తెలుస్తుంది. ఒకాయన స్క్రీన్‌షాట్ చూసి ముహూర్తం కూడా పెట్టేసుకున్నాడు. సర్టిఫైడ్ కాపీ అడిగి చూడండి అన్నాను. అడిగితే, ఆ కేసు హాజరు లేక కొట్టేసిందని తేలింది. చట్టం ప్రకారం ఆ అబ్బాయికి మొదటి భార్య ఉన్నట్టే.

అలాగని విడాకులైనవాళ్ల పేర్లన్నీ ఊరందరూ చూసేలా పెట్టమని నేను అడగడం లేదు, అది న్యాయం కూడా కాదు. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ఈ కేసుల విచారణ నాలుగు గోడల మధ్య జరగాలంటుంది, అందులో సంగతులు అచ్చువేయడం నేరమంటుంది. ఒక ఆడపిల్ల పిటిషన్లో ఏం రాసుకుందో పక్కింటివాళ్లు చదవకూడదు, నేను టైపు చేసినవి నేనే ఎక్కడా నోరు జారను. సంబంధం లేనివాళ్లు కాపీ కావాలంటే కారణం చూపిస్తూ అఫిడవిట్ వేయాలి, ఇవ్వాలో లేదో కోర్టు చూస్తుంది. సమాచార హక్కు కింద అడుగుతామని కొందరు వస్తారు. కోర్టు కాగితాల కాపీలకు కోర్టు నియమాల ప్రకారమే వెళ్లాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి పెళ్లివారికి నేను చెప్పేది ఒకటే. అబ్బాయినే అడగండి, సర్టిఫైడ్ కాపీ తెమ్మనండి, దాని మీద కేసు నంబరుంటుంది. ఈ మధ్య కేసులకైతే పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన సి.ఎన్.ఆర్. నంబరు కూడా ఉంటుంది, దాన్ని ఈ-కోర్ట్స్‌లో కొట్టి సరిచూసుకోండి. నిజంగా విడాకులైనవాడు కాపీ చూపించడానికి మొహమాటపడడు. చూపించగలగాలంటే ఆ కాపీ అతని దగ్గర ఉండాలిగా, మళ్లీ నా అడుగుడు దగ్గరికే వచ్చాను.

మూడో రకం వాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. వీళ్లు డిక్రీ ఉందనే వస్తారు. తీసి చూపిస్తే అది వంద రూపాయల బాండు పేపరు. ఊరి పెద్దమనుషుల్లో పెట్టి తెగతెంపులు చేసుకుని, ఇచ్చిపుచ్చుకోవలసినవి ఇచ్చిపుచ్చుకుని, ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితం. నోటరీ ముద్ర కూడా ఉంటుంది, అందుకే అంత నమ్మకం. మన ఉత్తరాంధ్రలో తెగతెంపులూ మారుమనువులూ తాతల నాటి నుంచి ఉన్న కులాలున్నాయి. హిందూ వివాహ చట్టం కూడా ఆ ఆచారాన్ని పూర్తిగా కాదనలేదు, 29వ సెక్షన్లో ఆచారం ప్రకారం వచ్చే విడాకులకు చోటుంచింది. కానీ ఆ ఆచారం తమ కులంలో నిజంగా ఉందని కోర్టులో సాక్ష్యంతో నిరూపించుకోవాలి. అది లేనివాళ్లకు ఆ బాండు పేపరు వట్టి కాగితమే. భీమిలి వైపు నుంచి వచ్చిన ఒకావిడ అలాంటి కాగితం నమ్ముకుని పన్నెండేళ్లు ఉంది. భర్త పోయాక అతని డబ్బు దగ్గర ఇద్దరు భార్యలు తేలారు. చట్టం లెక్కలో ఈవిడే భార్య, వండిపెట్టింది ఇంకో ఆవిడ. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని ఏడుస్తుంటే ఎవరి పిటిషన్ ముందు టైపు చెయ్యను?

కొత్తగా కేసు వేయబోయేవాళ్ల గురించి కొంచెం చెప్పాలి. మీ తెలుగు కాగితంలో ఇదీ ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

మా షాపుకొచ్చేవాళ్లలో చాలామంది చట్టాన్ని ఫోన్‌లో వీడియోల్లో చూసి వస్తారు. "ఇప్పుడు ఆర్నెల్లు ఆగక్కర్లేదట కదా" అంటారు. ఇద్దరూ ఇష్టపడి విడిపోయే కేసు హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద వేస్తారు. వేసేటప్పటికే ఏడాది విడిగా ఉండి ఉండాలి. వేశాక ఆరు నెలలు దాటాక, పద్దెనిమిది నెలల్లోపు మళ్లీ ఇద్దరూ వచ్చి అదే మాట చెప్పాలి. 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఆరు నెలలను కోర్టు మాఫీ చేయొచ్చంది. అది కూడా అప్పటికే ఏడాదిన్నర విడిగా ఉండి, కలిపే ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల సంగతి తేల్చుకున్నవాళ్లకు. అందుకు వేరే అప్లికేషన్ వేసుకోవాలి, అడిగితేనే. ఇక 2023 మే 1న ఐదుగురు జడ్జిల ధర్మాసనం ఇచ్చిన తీర్పు చూసి, కాపురం చెడిపోయిందని చెబితే చాలు విడాకులిచ్చేస్తారనుకుంటున్నారు. ఆ అధికారం రాజ్యాంగం 142వ అధికరణ కింద సుప్రీంకోర్టుకే, మన ఫ్యామిలీ కోర్టుకి లేదు. పదిహేను రోజుల్లో ఆన్‌లైన్ విడాకులు అనే ప్రకటనల గురించి నేను రాయడం దండగ. అలా డబ్బు కట్టి వచ్చినవాళ్లను చూశాను, అందుకే ఆ మాటైనా అంటున్నాను.

ఇంకో గందరగోళం. "మాది రిజిస్టర్ మ్యారేజీ అండీ, మాకు వేరే చట్టమట కదా?" సింహాచలంలో తాళి కట్టి, తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించుకున్న పెళ్లి హిందూ వివాహ చట్టం కిందిదే. నోటీసిచ్చి, ముప్పై రోజులు ఆగి, 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకున్నవాళ్లకే ఆ చట్టం. క్రైస్తవులకు 1869 నాటి చట్టం ఉంది, 2001లో బాగా సవరించారు. ముస్లిం ఆడవాళ్లు కోర్టు ద్వారా విడాకులు కోరేది 1939 చట్టం కింద. ఏ చట్టమో తెలియకపోతే పిటిషన్ పైనే తప్పుపడుతుంది, ఆఫీసు అభ్యంతరం రాసి తిప్పి పంపుతుంది, ఒక నెల పోతుంది.

శుభలేఖ, పెళ్లి ఫోటోలు, ఆధార్, ఉంటే పెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకోమని ముందే చెబితే చాలు. శుభలేఖ లేదని కేసే వేయలేమేమోనని ఏడ్చిన అమ్మాయిలున్నారు. పెళ్లై ఏడాది నిండకుండా మామూలుగా కేసు వేయలేరని, మరీ భరించలేని కష్టముంటే కోర్టు అనుమతితో వేయొచ్చని కూడా చెప్పాలి. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది మీ గురించే. ఆడవాళ్లకు సంపాదనతో పని లేకుండా ఉచితంగా లాయరును పెడతారని, 15100కి ఫోన్ చేయొచ్చని. ఈ ఆవరణలోనే మీ ఆఫీసుందని తెలియక, గాజు పెట్టి ఫీజు కట్టినవాళ్లు మా షాపు మెట్లెక్కారు.

భాష సంగతి కూడా ఇక్కడే. మేం టైపు చేసేదంతా ఇంగ్లీషు. సంతకం పెట్టేవాళ్లకు అది రాదు. ఆనందపురం వైపు నుంచి కూతురిని వెంటబెట్టుకొచ్చిన ఒక ముసలాయన నేను ప్రింటు తీయగానే, "ఆ ఇంగిలీసులో ఏటి రాసినారో ఓపాలి సదివి సెప్పమ్మా" అన్నాడు. చదివాను. డెజర్టెడ్ అన్న మాట దగ్గర, అంటే వదిలేశాడని, అన్నాను. ఆయన కూతురి వంక చూసి, "ఒగ్గీడం ఏటమ్మా, కొట్టి తరిమీసినాడు. సెయ్యి ఇరిగితే కేజీహెచ్‌లో కట్టు కట్టించినాం" అన్నాడు. ఆ కట్టు సంగతి పిటిషన్లో ఎక్కడా లేదు. అమ్మాయి సిగ్గుపడి లాయరుగారికి చెప్పలేదు. వదిలేయడం ఒక కారణం, క్రూరత్వం ఇంకో కారణం, దానికి ఆస్పత్రి కాగితం సాక్ష్యం. లాయరుగారు మంచివారు, అప్పటికప్పుడు రెండు పేరాలు చేర్చారు. ఆ ముసలాయన అడక్కపోయి ఉంటే?

ఇప్పుడు నా అడుగుడు దగ్గరికి పూర్తిగా వస్తాను. హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్, నాలుగో ఉపసెక్షన్. విడాకుల డిక్రీతో పెళ్లి రద్దు చేసిన ప్రతి కేసులోనూ, ఆ కోర్టు ఇద్దరికీ డిక్రీ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇస్తే ఇవ్వొచ్చు అని కాదు, ఇవ్వాలి అనే ఉంది. ఇన్నేళ్లలో ఆ ఉచిత కాపీ నాకు రాలేదు, నేను అడగలేదు, అడగొచ్చని నాకు తెలియదు. నేను టైపు చేసిన కాపీ అప్లికేషన్లలో విడాకులైనవాళ్లవి ఎన్నో. స్టాంపులు పెట్టి, బోర్డు చూసుకుని, తిరిగి తిరిగి తీసుకున్నవే. అలాంటి సెక్షన్ లేని చట్టాల కింద విడిపోయేవాళ్లకూ అదే మర్యాద దక్కాలని నా కోరిక.

మీ సంస్థకు ఛైర్మన్ జిల్లా జడ్జిగారే. అందుకే వేరే తలుపు తట్టకుండా మీకు రాస్తున్నాను. పెద్ద బడ్జెట్ పని కాదిది. డిక్రీ తయారైన రోజు రెండు కాపీలు ఎక్కువ తీసి, ఇద్దరికీ కబురు పెట్టి, మీ పారా లీగల్ వాలంటీరు చేత సంతకం తీసుకుని ఇప్పించడమే. పక్కన పెట్టే తెలుగు కాగితంలో కేసు నంబరు అక్షరాలతో సహా, సి.ఎన్.ఆర్. నంబరు, పిటిషన్ వేసిన తేదీ, డిక్రీ తేదీ, ఏ కోర్టు అన్నది ఉంటే చాలు. కింద నాలుగు మాటలు: దీన్ని లామినేషన్ చేయించకండి, రెండు జిరాక్సులు తీసి ఒకటి పుట్టింట్లో పెట్టండి, ఫోటో తీసి ఫోన్‌లోనూ ఉంచుకోండి, అప్పీలు గడువు దాటకుండా మళ్లీ పెళ్లి చేసుకోకండి. ఆ గడువు ఎన్నాళ్లో కూడా తేల్చి రాయండి. హిందూ వివాహ చట్టం 28వ సెక్షన్ 90 రోజులంటుంది, ఫ్యామిలీ కోర్టుల చట్టం 19వ సెక్షన్ 30 రోజులంటుంది, లాయరుగార్లు మా షాపులోనే వాదించుకుంటారు. నేనైతే అడిగినవాళ్లకు తొంభై దాటనివ్వమంటాను, దాంతో పోయేదేముంది, మూడు నెలలేగా. పెళ్లివారు మాత్రం మూఢం వచ్చేస్తుందంటారు.

పాత కేసులవాళ్ల కోసం ఇంకొక్కటి. వారానికి ఒక పూట, ఒక వాలంటీరు, ఒక కుర్చీ. పేరు, ఊరు, కేసు సుమారు ఏ ఏడాదో చెబితే, ఏ కోర్టు రిజిస్టర్లో వెతకాలో, కాపీ అప్లికేషన్ ఎలా నింపాలో చెప్పే మనిషి. కేసు కాగితాలన్నీ కలకాలం ఉంచరు. గడువు దాటిన కోర్టు రికార్డులను తీసేయడానికి 1917 నుంచీ చట్టముంది. కాబట్టి ఆలస్యమయ్యేకొద్దీ దొరికేది తగ్గిపోతుంది. అనకాపల్లి, పాడేరు వైపు నుంచి వచ్చేవాళ్లకు ఒక ఫోన్ నంబరైనా పెడితే, బోర్డు చూసుకోవడానికని రెండు బస్సులు మారి రానక్కర్లేదు.

ఆ తెలుగు కాగితం నమూనా నేనే టైపు చేసి ఉంచాను. ఒక పక్కే వచ్చింది, అక్షరాలు పెద్దవిగా పెట్టాను. కేసు నంబరు దగ్గర గడి ఖాళీగా ఉంది. చట్టం మాటలు మీరు ఒకసారి సరిచూస్తే చాలు. ఏ రోజు రమ్మంటే ఆ రోజు నాలుగు దాటాక, షాపులో పని పలచబడ్డాక, తెచ్చిస్తాను. పెన్‌డ్రైవ్‌లో కూడా ఉంది.

ఇట్లు
కోర్టు దగ్గర ఒక జాబ్ టైపిస్టు
విశాఖపట్నం